గగనపు కాలువకు వంతులు – మార్కోనీ జీవితం

ఒమాన్ దేశంలో నివసించే తెలుగువారికి ఫలజ్ అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. నిజ్వా వైపు వెళ్ళివచ్చిన ప్రతివారూ ఖర్జూరపు తోటల నడుమ పారే ఆ సన్నని నీటి కాలువను చూసే ఉంటారు. కొండ అడుగున దొరికిన నీటిని కాలువ కట్టి ఊరికి తెచ్చి, తోటలన్నిటికీ వంతులవారీగా పంచే ఏర్పాటు అది. ఎవరి వంతు ఎంతసేపో పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి లెక్కకట్టడం ఇక్కడి ఆచారం. కాలువ ఊరిలోకి ప్రవేశించే చోట తాగునీరు మాత్రం అందరిదీ. దానికి వంతూ లేదు, వెలా లేదు. మన తెలంగాణ పల్లెల్లో చెరువు నీటిని మడి మడికీ పారించే నీరటి చేసే పని కూడా ఇటువంటిదే. ఒమాన్‌లో మూడువేల ఫలజ్‌ల వరకు నేటికీ పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

కంటికి కనిపించే ఈ కాలువ వంటిదే, కంటికి కనిపించనిది మరొకటి మన తలల మీదుగా పారుతున్నది. అది రేడియో తరంగాల కాలువ. మన జేబులోని ఫోను, పిల్లల చెవిలోని శ్రవణ సాధనం, కారు తాళం, మత్రా రేవులో ఆగిన ఓడ, మస్కట్ విమానాశ్రయంలో దిగే విమానం అన్నీ తమకు కావలసిన మాటను ఆ కాలువలోనుండే తోడుకుంటున్నాయి. ఒకదాని మాట మరొకదాని మాటను చెరపకుండా ఇన్ని పరికరాలు ఎలా సర్దుకుంటున్నాయి? ఈ సర్దుబాటు ఎవరో ఒక మేధావి ఒకనాడు కూర్చుని రచించినది కాదు. దీని వెనుక అహంకారముంది, వ్యాపారముంది, పదిహేను వందల మంది జలసమాధి ఉంది. ఈ కథ అంతటికీ మధ్యన నిలిచిన వ్యక్తి గుల్యెల్మో మార్కోనీ. ఆయన పేరు మనం బడిలోనే చదువుకున్నాము; ఆయన బ్రతుకు మాత్రం మనలో చాలామందికి తెలియదు. గగనపు కాలువకు గండి తెరిచినవాడే అది తన ఒక్కడి ఆధీనంలో ఉండాలని కోరాడన్న విషయం ఇంకా తక్కువమందికి తెలుసు. అందుకే ఆ జీవితాన్ని మా పాఠకుల ముందు ఉంచుతున్నాము.

తీగల కాలం

మార్కోనీ పుట్టడానికి పదేళ్ళ ముందు దూరవార్తకు తీగ ఒక్కటే ఆధారం. ఆ తీగ కథలో ఒక ఘట్టం ఒమాన్ గడ్డ మీదనే నడిచింది. ఇండియాను యూరపుతో కలపడానికి 1864లో ఆంగ్లేయులు పర్షియన్ సింధుశాఖలో సముద్రం అడుగున టెలిగ్రాఫు తీగ వేశారు. కరాచీ నుండి బయలుదేరిన ఆ తీగ, 1958 వరకు ఒమాన్ సుల్తానుల ఏలుబడిలో ఉండిన గ్వాదర్ మీదుగా ముసందం చేరింది. అక్కడ కొండల నడుమ నిలిచిన సముద్రపు పాయలో ఒక చిన్న దిబ్బ మీద వార్తలను అందుకొని ముందుకు పంపే కేంద్రం పెట్టారు. ఆ దిబ్బను నేటికీ టెలిగ్రాఫు ద్వీపమనే పిలుస్తారు. అక్కడి ఎండకూ ఏకాంతానికీ తాళలేక కొద్ది సంవత్సరాలకే దానిని విడిచిపెట్టారు.

తీగకు ఒక గుణముంది. వేసినవాడిదే తీగ. దానిలోని మాట పక్క తీగలోని మాటతో కలియదు. ఇద్దరికి రెండు తీగలుంటే తగవే లేదు. తీగ తీసివేస్తే మాట స్వేచ్ఛగా పోతుంది, నిజమే. కాని అప్పుడు అది అందరి మాటలతోనూ కలిసిపోతుంది. తీగ లేని వార్తకు పుట్టుకతోనే వచ్చిన చిక్కు ఇది. మార్కోనీ జీవితమంతా ఈ చిక్కు చుట్టూనే తిరిగింది.

గ్రిఫోన్ భవనంలో కుర్రవాడు

గుల్యెల్మో మార్కోనీ 1874 ఏప్రిల్ 25న ఇటలీ దేశంలోని బొలోన్యా నగరంలో జన్మించాడు. తండ్రి జుసెప్పె భూస్వామి. తల్లి ఆనీ జేమ్సన్ ఐర్లండు దేశస్థురాలు. పేరు మోసిన జేమ్సన్ విస్కీ వ్యాపార కుటుంబపు ఆడపడుచు. బడి చదువు సరిగా సాగలేదు, విశ్వవిద్యాలయంలో సీటు దొరకలేదు. తల్లి పూనుకొని, బొలోన్యాలో భౌతికశాస్త్రాచార్యుడైన ఔగుస్తో రీగీ వద్ద కుర్రవాడు పాఠాలు వినే వీలు కల్పించింది.

జర్మనీలో హైన్రిక్ హెర్ట్జ్ 1888లో విద్యుదయస్కాంత తరంగాలను ప్రయోగం చేసి చూపించాడు. ఆయన 1894 జనవరిలో చిన్న వయసులోనే మరణించాడు. ఆ సందర్భంలో వచ్చిన వ్యాసం చదివిన మార్కోనీకి ఆ తరంగాలతో వార్త పంపవచ్చునన్న ఊహ తగిలింది. పొంతెక్కియోలోని గ్రిఫోన్ భవనం మేడ మీద ప్రయోగశాల వెలసింది. మొదట గదిలో గంట మోగింది. తరువాత తోటలోకి, ఆపై పొలాలలోకి వెళ్ళాడు. ఒక లోహపు పలకను ఎత్తుగా నిలిపి, రెండవ కొసను భూమిలో పాతినప్పుడు దూరం ఒక్కసారిగా పెరిగింది. 1895లో గుట్ట అవతల నిలబడిన అన్న అల్ఫోన్సో, సంకేతం అందిందని తెలపడానికి తుపాకి పేల్చాడు. ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో మార్కోనీ సాధించినది ఇది.

ఇక్కడ న్యాయమైన మాట ఒకటి చెప్పవలసి ఉంది. తరంగాలను కనుగొన్నది మార్కోనీ కాదు. ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్, రష్యాలో పొపోవ్, అమెరికాలో నికోలా టెస్లా అదే దారిలో నడుస్తున్నారు. కలకత్తాలో మన జగదీశ చంద్ర బోసు గారు 1895లోనే టౌను హాలులో గోడల అవతలికి తరంగాలు పంపి, గంట మోగించి, తుపాకి మందు పేల్చి చూపించారు. బోసు గారు అది ప్రకృతి రహస్యమని భావించి, శాస్త్రంగా పరిశీలించారు. మార్కోనీ దానిని సరకుగా చూశాడు. ఇద్దరిలో ఎవరిది తప్పనడం మా ఉద్దేశం కాదు. ఒకే నీటిని ఒకరు పరీక్షించి చూస్తే మరొకరు పొలానికి మళ్ళించారు.

1896 ఫిబ్రవరిలో తల్లి కొడుకును లండన్ తీసుకుని వెళ్ళింది. ఆ ఏడాది జూన్ 2న ఆయన తన పద్ధతికి పేటెంటు కోరాడు. తపాలా శాఖ ప్రధాన ఇంజనీరు విలియం ప్రీస్ ఆదరించాడు. 1897 మేలో బ్రిస్టల్ అఖాతం మీదుగా ఒక దీవి నుండి తీరానికి వార్త చేరింది. జూలైలో కంపెనీ పుట్టింది. 1899 మార్చిలో ఇంగ్లీషు చానల్ దాటింది.

శ్రుతి కలిపిన నాడు

అప్పటి ప్రసార యంత్రం మిరుగులను, అంటే విద్యుత్ రవ్వలను, ఎగజిమ్మేది. రవ్వ వలన పుట్టిన తరంగం ఒక్క శ్రుతిలో ఉండదు. ఊరంతా వినబడే తప్పెట మోత వంటిది. ఒకచోట ఒక్క యంత్రం ఉన్నంత కాలం ఇబ్బంది లేదు. రెండవది మొదలు కాగానే రెండు మోతలూ కలిసి, వినేవాడికి ఏదీ అర్థం కాదు. వ్యాపారం పెరగాలంటే ఈ గోల తగ్గాలి.

మార్కోనీ దీనికి 1900 ఏప్రిల్‌లో ఒక ఉపాయంతో పేటెంటు తీసుకున్నాడు. దాని సంఖ్య 7777. నాలుగు ఏడుల పేటెంటుగా అది ప్రసిద్ధికెక్కింది. దాని సారాంశాన్ని మన సంగీతం తెలిసినవారు ఇట్టే గ్రహిస్తారు. ఒక తంబురా తీగను మీటితే అదే శ్రుతిలో ఉన్న పక్క తంబురా తీగ తనంత తానే కదులుతుంది. శ్రుతి వేరైన తీగ కదలదు. పంపే యంత్రాన్నీ అందుకునే యంత్రాన్నీ ఒకే శ్రుతికి కట్టితే, వేరే శ్రుతిలోని మోత అంతగా అడ్డురాదు. ఒకే గగనంలో ఇద్దరు మాట్లాడుకునే వీలు అప్పుడు కలిగింది. కాలువను పిల్లకాలువలుగా చీల్చడమంటే ఇదే.

ఈ ఉపాయంలో కూడా ఇతరుల పాలు ఉన్నది. లాడ్జ్ 1897లోనే శ్రుతి కలిపే పద్ధతికి పేటెంటు కోరి ఉన్నాడు. మార్కోనీ మరణించిన ఆరేళ్ళకు, 1943లో, అమెరికా సుప్రీం కోర్టు లాడ్జ్, టెస్లా, స్టోన్ అనేవారి పూర్వ కృషిని ఎత్తి చూపి, ఆ దేశంలో మార్కోనీకి ఉన్న శ్రుతి పేటెంటులోని ముఖ్య భాగాలు చెల్లవని తీర్పు చెప్పింది.

సముద్రం దాటిన మూడు చుక్కలు

1901 డిసెంబరు 12న న్యూఫౌండ్‌లండ్ దీవిలోని సెయింట్ జాన్స్ వద్ద ఒక కొండ మీద మార్కోనీ, ఆయన సహాయకులు కెంప్, పాజెట్ గాలిపటానికి తీగ కట్టి ఎగరవేశారు. ఇంగ్లండు కొసన పోల్డ్యూ నుండి మోర్సు భాషలో ఒకే అక్షరం, మూడు చుక్కలు, పదే పదే పంపుతున్నారు. సుమారు 3,500 కిలోమీటర్ల దూరం. ఆ మధ్యాహ్నం మూడు చుక్కలూ వినబడ్డాయని మార్కోనీ ప్రకటించాడు. నిజంగా వినబడ్డాయా, ఆకాశపు సడిని ఆయన చుక్కలుగా భ్రమించాడా అనే వాదం శాస్త్రజ్ఞులలో నేటికీ ఉంది. కాని మరుసటి ఏడాది ఓడ మీద చేసిన ప్రయోగాలలో, పగటి కంటే రాత్రి చాలా ఎక్కువ దూరం నుండి సంకేతాలు అందడం అందరి ఎదుట రుజువైంది.

ఆనాడు కొండ మీద మార్కోనీ వాడిన గ్రాహకంలో ఒక పాదరసపు సాధనం ఉన్నది. ఇటలీ నౌకాదళంలోని మిత్రుడు దానిని ఆయనకు ఇచ్చాడు. అటువంటి సాధనాన్ని బోసు గారు 1899లోనే లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో వివరించి ఉన్నారని, 1998లో వెలువడిన ఒక పరిశోధన సవివరంగా చూపింది. మార్కోనీ ఆ ఋణాన్ని చెప్పుకోలేదు. భారతీయులమైన మనం ఈ సంగతి తెలుసుకొని ఉండడం అవసరం.

గుండ్రని భూమి చుట్టూ తరంగం ఎలా వంగిందన్న ప్రశ్న వాతావరణపు పై పొరల పరిశోధనకు దారి తీసింది. 1924లో ఆపిల్టన్ ఆ విద్యుత్ పొర ఉనికిని నిరూపించాడు. తరువాతి కాలంలో వాల్తేరులో, మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో, ఆచార్య బి. రామచంద్రరావు గారూ వారి శిష్యులూ ఆ పొర మీదనే పరిశోధనలు సాగించారు.

గాలికి తాళం వేయబూనుట

ఇక మార్కోనీ జీవితంలో మెచ్చుకోలేని అధ్యాయానికి వస్తున్నాము. ఆయన కంపెనీ యంత్రాలను ఓడలవారికి అమ్మేది కాదు. యంత్రంతో పాటు దానిని నడిపే మనిషిని కూడా పంపి అద్దె పుచ్చుకునేది. ఆ మనుషులకు ఒక కట్టుబాటు ఉండేది. వేరే కంపెనీ యంత్రంతో వచ్చిన వార్తకు బదులివ్వరాదు. తీరాన కేంద్రాలు కట్టడానికి తాము పెట్టిన సొమ్ముతో ఇతరులు లాభపడకూడదన్నది వారి వాదన. వ్యాపారిగా చూస్తే అందులో కొంత సబబు ఉంది. కాని గాలి ఆయన వేసిన తీగ కాదు.

1902లో జర్మనీ చక్రవర్తి సోదరుడు హైన్రిక్ అమెరికా యాత్ర ముగించుకొని తిరిగి వెళుతూ, ఓడ నుండి అధ్యక్షుడు రూజ్వెల్టుకు కృతజ్ఞతలు తెలపబోయాడు. ఓడ మీద ఉన్నది జర్మను యంత్రం. తీరంలోని మార్కోనీ కేంద్రం దానిని పట్టించుకోలేదు. రాకుమారుడి వార్తకే ఆ గతి పడితే, తుపానులో చిక్కిన సరకు ఓడ కేకకు ఏ గతి అన్న ప్రశ్న పుట్టింది. జర్మనీ చొరవతో 1903లో బెర్లిన్ నగరంలో దేశాల సమావేశం జరిగింది. యంత్రం ఎవరిదైనా తీర కేంద్రం బదులివ్వాలన్నది చర్చ. మార్కోనీ ప్రయోజనాలు ముడిపడిన బ్రిటన్, ఇటలీ దేశాలు ఒప్పుకోలేదు.

అదే ఏడాది జూన్‌లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మరొక ముచ్చట జరిగింది. మార్కోనీ సలహాదారు ఫ్లెమింగ్ ఉపన్యసిస్తున్నాడు. దూరం నుండి మార్కోనీ వార్త పంపవలసి ఉంది. శ్రుతి కలిపిన యంత్రాన్ని ఎవరూ చెరపలేరని కంపెనీ చెప్పుకుంటున్న రోజులవి. ఇంతలో గ్రాహకం తనంత తానే టకటకమంటూ, మార్కోనీని ఎగతాళి చేసే మాటలు మొదలుపెట్టింది. నెవిల్ మాస్కెలీన్ అనే ఇంద్రజాలికుడు దగ్గరలోనే యంత్రం పెట్టి ఆ పని చేశాడు. అది మర్యాద కాదు. కాని అందులో బయటపడిన నిజం పెద్దది. పేటెంటుతో గాలికి తాళం పడదు. అందరూ ఒప్పుకున్న నియమం మాత్రమే దానికి కాపలా.

1906 నవంబరులో బెర్లిన్‌లో మళ్ళీ సమావేశమై దేశాలు ఒడంబడికపై సంతకాలు చేశాయి. యంత్రం ఏ కంపెనీదైనా ఓడకూ తీరానికీ మధ్య వార్త నడవాలి. ఓడల వార్తలకు 300, 600 మీటర్ల తరంగాలు. ఆపదలో ఉన్న ఓడకు మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కల సంకేతం. ఆ కేక వినగానే మిగిలిన వార్తలన్నీ ఆగాలి. ఫలజ్‌లో తాగునీటికి వంతు లేనట్లే, ఆపద మాటకు వంతు లేదన్నమాట. 1909 జనవరిలో రిపబ్లిక్ అనే ఓడ మరొక ఓడతో ఢీకొన్నప్పుడు జాక్ బిన్స్ అనే వైర్‌లెస్ ఉద్యోగి గంటల తరబడి పిలుపు పంపి పదిహేను వందల మంది రక్షణకు కారకుడయ్యాడు. ఆ ఏడాదే మార్కోనీకి, జర్మనీ శాస్త్రజ్ఞుడు బ్రౌన్‌కు కలిపి భౌతికశాస్త్రంలో నోబెలు బహుమతి లభించింది.

ఆ ఒక్క రాత్రి

కాగితం మీది నియమాలు ఓడల గదులలోకి ఇంకా పూర్తిగా చేరలేదు. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడలో మార్కోనీ కంపెనీ ఉద్యోగులు ఫిలిప్స్, బ్రైడ్ ఇద్దరు ఉన్నారు. అంతకు ముందు యంత్రం చెడి, ప్రయాణికుల సొంత తంతులు గుట్టగా పేరుకున్నాయి. ఫిలిప్స్ వాటిని కేప్ రేస్ తీర కేంద్రానికి పంపుతున్నాడు. కొద్ది మైళ్ళ దూరంలో మంచు మధ్య ఆగిపోయిన కాలిఫోర్నియన్ అనే ఓడ నుండి హెచ్చరిక వచ్చింది. దగ్గరి ఓడ గనుక ఆ మోత ఫిలిప్స్ చెవిలో పిడుగులా పడి, కేప్ రేస్ మాటను మింగివేసింది. విసిగిన ఫిలిప్స్ దానిని ఊరుకోమన్నాడు. కాలిఫోర్నియన్‌లో ఉన్నది ఒక్కడే ఉద్యోగి. కొంతసేపటికి యంత్రం కట్టివేసి నిద్రకు వెళ్ళాడు. కొద్ది నిమిషాలకే, రాత్రి 11 గంటల 40 నిమిషాలకు, టైటానిక్ మంచుకొండను తాకింది.

తరువాత పంపిన ఆపద పిలుపును కాలిఫోర్నియన్ వినలేదు. వినేవాడు నిద్రలో ఉన్నాడు. దూరాన ఉన్న కార్పేథియా విని, వేగంగా వచ్చి ఏడు వందల పైచిలుకు ప్రాణాలను కాపాడింది. సుమారు పదిహేను వందల మంది మరణించారు. ఫిలిప్స్ చివరి వరకు పిలుపులు పంపుతూ ఉండి ప్రాణాలు విడిచాడు. ఆయనను నిందించడం మాకు సమ్మతం కాదు. ఒకే కాలువలో ఊసుపోని మాటా ప్రాణం నిలిపే మాటా కలిసి పారుతున్నప్పుడు, ఏది ముందో నిర్ణయించే భారాన్ని అలసిన ఒక యువకుడి మీద వదిలివేసిన ఏర్పాటుదే ఆ తప్పు.

మార్కోనీ అప్పుడు న్యూయార్క్‌లోనే ఉన్నాడు. కార్పేథియా రేవుకు చేరగానే ఓడ ఎక్కి, కాళ్ళు దెబ్బతిన్న బ్రైడ్‌ను చూశాడు. వైర్‌లెస్ వలననే ఏడు వందల మంది బ్రతికారని లోకం ఆయనకు జేజేలు పలికింది. అదే వైర్‌లెస్ సరిగా నడిచి ఉంటే ఎంతమంది బ్రతికేవారన్న ప్రశ్న కూడా వెంటనే లేచింది. జూన్‌లో లండన్‌లో దేశాలు మళ్ళీ కూడాయి. ఇక ఓడకూ ఓడకూ మధ్య కూడా యంత్రం పేరుతో నిరాకరణ చెల్లదన్నారు. ఆగస్టులో అమెరికా చట్టం చేసి, అనుమతి లేనిదే ఎవరూ ప్రసారం చేయరాదన్నది. 1914 జనవరిలో కుదిరిన సముద్ర రక్షణ ఒడంబడిక పెద్ద ప్రయాణికుల ఓడలలో రేయింబవళ్ళు ఎవరో ఒకరు వింటూ ఉండాలని విధించింది. తరువాతి కాలంలో ఓడల వైర్‌లెస్ గదులలోని గడియారాల మీద గంటకు రెండుసార్లు, మూడేసి నిమిషాల చొప్పున, ఎర్ర రంగు గుర్తులు వెలశాయి. ఆ మూడు నిమిషాలూ ఆపద తరంగం మీద అందరూ నోరు కట్టుకొని, చెవి ఒగ్గి వినాలి. ఎక్కడైనా ఒక బలహీనమైన కేక ఉన్నదేమో అని వినడానికే ఆ మౌనం.

పనికిరావన్న తరంగాలు

అమెరికా చట్టం సరదాకు యంత్రాలు నడిపేవారిని, అంటే ఔత్సాహికులను, 200 మీటర్ల కంటే పొట్టి తరంగాలకు నెట్టివేసింది. పెద్ద కంపెనీలు అవి ఎందుకూ కొరగాని చవిటినేల అనుకున్నాయి. ఆ చవిటినేలలోనే బంగారం పండింది. 1920 తరువాత కొద్ది ఏళ్ళలో ఔత్సాహికులు చిన్న యంత్రాలతో అట్లాంటిక్ సముద్రం దాటించారు. మార్కోనీ కూడా తన ఎలెట్ట్రా ఓడను తేలియాడే ప్రయోగశాలగా చేసుకొని, ఇంజనీరు ఫ్రాంక్లిన్ తోడ్పాటుతో పొట్టి తరంగాలను దీపపు వెలుగులా ఒకే దిక్కుకు మళ్ళించాడు. నలుదిక్కులా చిమ్మకుండా అవసరమైన దిక్కుకే పంపడం కూడా కాలువ నీటిని పొదుపు చేయడమే. 1927 సెప్టెంబరులో ఇంగ్లండుకూ ఇండియాకూ మధ్య ఈ పద్ధతిలో వార్తలు మొదలయ్యాయి.

పొట్టి తరంగాల ధాటికి సముద్రపు తీగల కంపెనీలు దెబ్బతిన్నాయి. చివరకు 1929లో రెండు వ్యాపారాలనూ ఒకటిగా కలిపారు. ఆ సంస్థకు 1934లో కేబుల్ అండ్ వైర్‌లెస్ అనే పేరు వచ్చింది. మస్కట్ నగరానికి 1970 దశాబ్దం వరకు తంతి, టెలిఫోను సేవలు అందించినది ఆ సంస్థయే. పొట్టి తరంగాల ఫలం ఒమాన్ నేల మీద మరొక రూపంలోనూ కనిపించింది. మసీరా ద్వీపం నుండి, 2002 తరువాత అసీలా నుండి, బీబీసీ ప్రసారాలు మన దేశం వరకు వినవచ్చాయి. ఔత్సాహికుల రేడియో పట్ల ఒమాన్‌కు ప్రత్యేకమైన ఆదరం ఉన్నది. దివంగత సుల్తాన్ కాబూస్ గారే లైసెన్సు గల ఔత్సాహికులు. ఆయన ఆదరణలో 1972లో రాయల్ ఒమానీ అమెచ్యూర్ రేడియో సొసైటీ ఏర్పడింది.

చివరి రోజులు

మార్కోనీ సొంత జీవితం సాఫీగా లేదు. 1912లో కారు ప్రమాదంలో కుడి కన్ను పోయింది. 1905లో జరిగిన మొదటి వివాహం 1924లో విడాకులతో ముగిసింది; 1927లో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. 1923లో ఆయన ముస్సోలినీ పక్షంలో చేరాడు. ఇటలీ జాతీయ పరిశోధన మండలికి, రాయల్ అకాడమీకి అధ్యక్షుడయ్యాడు. ఇథియోపియా మీద జరిగిన దండయాత్రను సమర్థించాడు. యూదు శాస్త్రజ్ఞులను అకాడమీకి దూరంగా ఉంచడంలో ఆయన పాలు ఉన్నదని తరువాత దొరికిన కాగితాలు చెబుతున్నాయి. గాలి అందరిదీ అని లోకం ఆయన యంత్రం ద్వారానే నేర్చుకున్నది. ఆయన మాత్రం మనుషులంతా ఒకటి కాదనేవారితో చేయి కలిపాడు. మహనీయుల చరిత్ర రాసేటప్పుడు ఈ మచ్చలను దాచడం పిల్లలకు మేలు చేయదని మా అభిప్రాయం.

1937 జూలై 20న రోము నగరంలో మార్కోనీ గుండె ఆగింది. ఆయనకు నివాళిగా పలు దేశాలలో వైర్‌లెస్ కేంద్రాలు రెండు నిమిషాల పాటు ప్రసారం ఆపివేశాయి. ఆయన పని మొదలుపెట్టక ముందు ఉన్న నిశ్శబ్దం ఆ రెండు నిమిషాలూ గగనంలో మళ్ళీ నెలకొన్నది.

నేటి పరికరాలకు నాటి పాఠం

మోర్సు భాష ఓడల నుండి 1999 నాటికి దాదాపు నిష్క్రమించింది. హర్ముజ్ జలసంధి దాటే ఓడలు నేడు పిలుపుకూ ఆపదకూ పదహారవ చానల్ వింటూ సాగుతున్నాయి. మిగిలిన మాటలకు వేరే చానల్ ఎంచుకొని పక్కకు తప్పుకుంటాయి. ముందు వినడం, అవసరమైనంతే మాట్లాడడం, ఆపదకు దారి ఇవ్వడం అనే మూడు నియమాలూ 1912 నుండి వచ్చినవే.

మన ఇళ్ళలోని చిన్న పరికరాలు కూడా అవే నియమాలను మన చేత చెప్పించుకోకుండానే పాటిస్తున్నాయి. వైఫై పరికరం మాట్లాడబోయే ముందు గాలిలో ఇంకెవరైనా మాట్లాడుతున్నారేమో వింటుంది. ఉంటే ఆగి, కొంత వ్యవధి ఇచ్చి మళ్ళీ ప్రయత్నిస్తుంది. బ్లూటూత్ పరికరాలు రెండు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు 79 పిల్లకాలువల మధ్య సెకనుకు 1,600 సార్లు గంతులు వేస్తాయి. ఒక కాలువలో గోల ఎక్కువైతే దానిని విడిచి మిగిలినవాటితో సరిపెట్టుకుంటాయి. టవరు సాయం లేకుండా ఫోనుకు ఫోనే నేరుగా మాట్లాడుకునే పద్ధతులూ వచ్చాయి. అక్కడ ఒకే తరంగాన్ని టవరు ద్వారా మాట్లాడేవారూ నేరుగా మాట్లాడేవారూ పంచుకోవాలి. అందుకని దగ్గరివారు గొంతు తగ్గించి మాట్లాడతారు. వీలున్న చోట టవరే నీరటి వలె ఎవరి వంతు ఎప్పుడో చెబుతుంది. గొంతు తగ్గిస్తే కొంత దూరాన అదే తరంగాన్ని మరొక జంట వాడుకోవచ్చు. ఒక గదిలో పదిమంది గుసగుసలాడుకోవచ్చు గాని పదిమంది కేకలు వేయలేరు గదా!

దేశాల మధ్య ఈ పంపిణీని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సమాఖ్య చూస్తున్నది. ఒమాన్‌లో 2002లో ఏర్పడిన టెలికమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ తరంగాల అనుమతులు చూస్తుంది. ఊరి నుండి వచ్చేటప్పుడు సరదాకు వాకీటాకీలు వంటివి తెచ్చే మనవారు ముందుగా అక్కడి నియమాలు తెలుసుకోవడం మంచిది. మనకు అది ఆటవస్తువు. అదే తరంగం మీద ఒక ఓడో, అంబులెన్సో మాట్లాడుతూ ఉండవచ్చు.

మార్కోనీ జీవితం నుండి మనం గ్రహించవలసినది ఆయన ప్రతిభ ఒక్కటే కాదు. దూరాన్ని జయించడానికి ఒక్క మనిషి పట్టుదల చాలింది. గగనాన్ని పంచుకోవడానికి మాత్రం ఎన్నో దేశాలు ఒకచోట కూర్చోవలసి వచ్చింది. అదీ పెద్ద ప్రాణనష్టం జరిగిన తరువాత. మొదటి పని ఆయన చేశాడు. రెండవ పనికి ఆయన అడ్డుపడ్డాడు, చివరికి ఓడిపోయాడు. ఆ ఓటమే లోకానికి మేలు చేసింది. భాష, ఊరు, వృత్తి వేరైన ఎందరమో ఒక చిన్న దేశంలో ఒకే గాలి పీలుస్తూ బ్రతుకుతున్న మనకు ఈ పాఠం దూరమైనది కాదు. మన పిల్లలు రేపు కొత్త పరికరాలు చేస్తారు. అవి ఎంత దూరం మాట్లాడతాయన్న దానితో పాటు, పక్కవాడి మాటకు ఎంత చోటిస్తాయో కూడా వారు ఆలోచించాలని మా ఆకాంక్ష.